నల్లా నీటి వెంట నది దాకా

మా ఇంట్లో సెలవు రెండు ముక్కలుగా ఉంటుంది. మదరసాకు గురువారం మధ్యాహ్నం నుండి శుక్రవారం సాయంత్రం వరకు సెలవు. పిల్లల బడికి ఆదివారం. మేము ఇంట్లో ఉన్న రోజున పిల్లలు బడిలో ఉంటారు. పిల్లలు ఇంట్లో ఉన్న రోజున మేము పాఠం చెబుతూ ఉంటాము. ఈ ఒక్క కారణం చూపించి ముప్పై ఏళ్ళుగా కుటుంబాన్ని ఎక్కడికీ తీసుకువెళ్ళకుండా తప్పించుకుంటున్నామని మా ఇల్లాలు అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

మొన్నటి చలికాలంలో ఒక సాయంత్రం మా అమ్మగారు వాకిట్లో నల్లా దగ్గర కుర్చీలో కూర్చుని పక్కింటి ఆమెతో మాట్లాడుతున్నారు. అమ్మ మాతో ఉర్దూలో, ఇరుగుపొరుగుతో తెలుగులో మాట్లాడతారు. “కృష్ణ నీళ్ళు మనింటికొచ్చినయి గని, మనం కృష్ణకాడికి పోకపోతిమి” అని ఆమె అంటుండగా మా చెవిన పడింది. అమ్మకు 76 ఏళ్ళు. పుట్టిల్లు నకిరేకల్, మెట్టినిల్లు నార్కట్‌పల్లి. నది మా ఊరికి రమారమి 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆస్పత్రి పనికి హైదరాబాదు నాలుగైదు సార్లు వెళ్ళివచ్చారు తప్ప, ఆమె ఏ నదినీ చూడలేదు.

నల్లగొండ జిల్లా పాఠకులకు ఈ మాటలోని బరువు వేరుగా చెప్పనక్కరలేదు. ఇతర ప్రాంతాల వారి కొరకు రెండు మాటలు. మాది గ్రానైటు రాతి నేల. ఆ రాతి పొరల గుండా దిగే నీటిలో ఫ్లోరైడు కలుస్తుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్నది హద్దు. మా జిల్లాలోని ఎన్నో బావులు, బోర్లు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. ఆ నీరు బాల్యంలో తాగినవారి పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. మా పళ్ళ మీదా ఉన్నాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూర్ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించగా, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. ఒక జిల్లా పేరు ఈ విధంగా ప్రపంచానికి తెలియడం మాకేమంత సంతోషం కలిగించే విషయం కాదు. అమ్మ సుమారు యాభై ఏళ్ళు బోరు నీరే తాగారు. ఇప్పుడు ఆమె నడుము నిటారుగా నిలవదు, మోకాళ్ళు వంగవు. నమాజు కుర్చీలోనే.

ఆ రాత్రి దస్తర్‌ఖాన్ మీద నది మాట మేమే ఎత్తాము. ఎవరూ నమ్మలేదు.

మొదటి చిక్కు రోజు గురించి వచ్చింది. శుక్రవారమైతే మాకు అనుకూలం. కాని పిల్లల బడి పోతుంది; అదీగాక జుమా వేళ ప్రవేశించిన తరువాత, నమాజు చేయకుండా ప్రయాణమై వెళ్ళడం ఫిఖ్హ్ పండితుల దృష్టిలో సరికాదు. పొద్దెక్కక ముందే బయలుదేరవచ్చు, అయితే దారిలో జుమా ఎక్కడ దొరుకుతుందన్న ఆలోచనతోనే సగం రోజు గడుస్తుంది. నాగార్జునకొండ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు. చివరకు బడికి సెలవు ఉండే రెండో శనివారాన్ని, మరునాటి ఆదివారాన్ని నిర్ణయించుకున్నాము. మదరసాలో మా పాఠాలను మరో ఉపాధ్యాయులు తీసుకున్నారు. వారికి మేము రెండు శుక్రవారాల పని బాకీ పడ్డాము.

రెండో చిక్కు చోటు. మా ఊరి పేరుతోనే ఒక రహదారి ఉంది: నార్కట్‌పల్లి – అద్దంకి. అది నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. అక్కడే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. మలుపులు లేని దారి కాబట్టి అక్కడికే వెళదామని మా తమ్ముడు అన్నాడు. మాకు రెండు సందేహాలు కలిగాయి. ఆ దారి నిండా లారీలు. పైగా దామరచర్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. బిగుసుకుపోయిన నడుముతో ఆ రద్దీలో ప్రయాణం కష్టం. రెండవది, మూసీ హైదరాబాదు మురుగును మోసుకుంటూ వచ్చే నది. అమ్మ మొదటిసారి చూడబోయే నీరు అదెందుకు కావాలి? పిల్లలు సాగర్ డ్యాము అన్నారు. మా కోడలు పుట్టింటివారు హాలియాలో ఉంటారు. రాత్రి అక్కడ గడపవచ్చునన్నది ఆమె సూచన. బండి నడిపే అబ్బాయి మరో మాట చెప్పాడు: “డ్యాము కాడ దాదీమా నీళ్ళను దూరంకెళ్ళి సూస్తది గంతే. నీళ్ళు ముట్టాలంటె వైజాగ్ కాలనీకి పోవాలె.”

ఆ మాటతో మా ఆలోచన మారింది. అంతవరకు అందరమూ చూడదగిన చోట్లను లెక్కపెడుతున్నాము. అమ్మ ఎక్కడ కుర్చీ వేసుకుని కూర్చోగలరు, బండి ఎంతవరకు వెళ్ళగలదు, ఎన్ని మెట్లు దిగాలి అన్న లెక్క ఎవరమూ వేయలేదు. ఆ లెక్క వేశాక మిగిలినవన్నీ వాటంతట అవే తేలిపోయాయి. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్ళాలంటే మెట్లు దిగాలి, కదిలే పలక మీద అడుగు వేయాలి. అది వద్దనుకున్నాము. శనివారం సాగర్, రాత్రి హాలియా, ఆదివారం పెద్దవూర, మల్లేపల్లి మీదుగా నేరెడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ, అక్కడి నుండి ఇల్లు. ఒక చుట్టు దారి. ఈ దారికి మరో గుణం ఉందని తరువాత గ్రహించాము. మా నల్లాలోకి వచ్చే నీరు ఏ దారిన వచ్చిందో, దాదాపు ఆ దారినే మేము ఎదురు వెళతాము.

ఆ సంగతి పిల్లలకు కాగితం మీద గీసి చూపించాము. సాగర్ జలాశయం అంచున పుట్టంగండి దగ్గర పంపులు కృష్ణ నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తాయి. ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల పథకమంటే అదే. హైదరాబాదుకు కృష్ణ తాగునీరు వెళ్ళేదీ అక్కంపల్లి నుండే. కాలువ అక్కడి నుండి నల్లగొండ అంచునున్న పానగల్లు ఉదయసముద్రానికి చేరుతుంది. ఇది కందూరు చోడుల కాలం నాటి చెరువు. ఉదయసముద్రం నుండి మా మండలంలోని బ్రాహ్మణ వెల్లెంలకు మరో ఎత్తిపోతల ఉంది. 2024 డిసెంబరులో అక్కడికి నీరు ఎక్కింది. నది పల్లంలో, మేము మెట్టన. నీరు మా దాకా రావాలంటే ప్రతి చోటా ఎవరో ఒకరు ఎత్తి పోయవలసిందే.

ఇక నమాజు సంగతి. ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేసే ఖస్ర్ గురించి మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు, ముఖ్యంగా సాగర్ వెళ్ళేవారు. హనఫీ పండితులు సాధారణంగా చెప్పే హద్దు 48 మైళ్ళు, అనగా 77 కిలోమీటర్లకు కొంచెం పైన. లెక్క ఇంటి గడప నుండి ఆరంభం కాదు, ఊరి చివరి ఇల్లు దాటిన చోటు నుండి అవుతుంది. నల్లగొండ పట్టణం నుండి సాగర్ డ్యాము ఆ దూరంలో లేదు కాబట్టి, నల్లగొండవారు అక్కడ పూర్తి నమాజే చేయాలి. నార్కట్‌పల్లివారికి సాగర్ సరిగ్గా హద్దు మీద పడుతుంది. ఏ దారిన వెళ్ళారన్న దానిని బట్టి లెక్క అటో ఇటో అవుతుంది. ఊరు దాటగానే బండి మీటరు చూసి కాగితం మీద రాసుకోవడం మేలు. మా విషయంలో గమ్యం వైజాగ్ కాలనీ. అది నిస్సందేహంగా హద్దుకు అవతల. కాబట్టి ఊరు దాటింది మొదలు మేము ముసాఫిర్లమే. హాలియాలో ఒక రాత్రి ఆగడం వల్ల ఈ స్థితి మారదు. పదిహేను రోజులు ఉండే సంకల్పం ఉంటేనే మారుతుంది. ఊరి మసీదులో స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం ఆయనతో పాటు నాలుగూ పూర్తి చేయవలసి ఉంటుంది. చలికాలంలో పొద్దు చిన్నది, అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య వ్యవధి తక్కువ. బండి ఎక్కే వేళలను నమాజు వేళలను చూసే నిర్ణయించుకోవాలి.

మగవారికి ఏ మసీదైనా సరిపోతుంది. స్త్రీల సంగతే ఎవరూ ఆలోచించరు. దారిలోని చాలా మసీదులలో వారికి వుజూ చేసే చోటు ఉండదు, నమాజుకు తెర ఉండదు. బండిలోనే కూర్చుని మగవారు తిరిగి వచ్చేదాకా ఎదురుచూస్తారు. మరుగుదొడ్డి లేక ప్రొద్దుటి నుండి నీళ్ళు తాగని స్త్రీలను మేము ఎరుగుదుము. మేమే మదరసాలో, మసీదులో ఉండే మనుషులం కాబట్టి ఈ తప్పులో మాకూ వాటా ఉంది. ఈసారి దారిలో తెలిసిన ఇళ్ళకు ముందే ఫోను చేసి పెట్టుకున్నాము. కనగల్‌లో మా పాత విద్యార్థి ఇల్లు ఉంది. అక్కడ ఆగినప్పుడు స్త్రీలకు ఒక గది, మాకు చాయ్ దొరికాయి.

భోజనం విషయంలో మా ఇంట్లో చిన్న తగాదా జరిగింది. లోగడ ఒకసారి బంధువులతో కలిసి చెరువు గట్టుకు వెళ్ళాము. ఆ రోజున మా ఇల్లాలు ఫజ్ర్‌కు రెండు గంటల ముందు లేచి బగారా అన్నం, దాల్చా వండారు; గట్టు మీద వడ్డించారు; గిన్నెలు కడిగారు; ఇంటికి వచ్చి మళ్ళీ కడిగారు. చెరువు ఎటువైపు ఉందో తాను చూడలేదని ఆమె నేటికీ అంటారు. “వంట ఇంటిని బండిలో వేసుకుని పోయేదానికి నేను రాను” అని ఈసారి తేల్చి చెప్పారు. దారిబత్తెం విషయంలో ఒక ఒప్పందం కుదిరింది. శనివారం పగటికి జొన్నరొట్టెలు, వేయించిన ఖీమా, ఉడికించిన గుడ్లు, మామిడికాయ అచార్. రొట్టెలు బయట చేయిస్తాము, ఖీమా మా తమ్ముడు వేయిస్తాడు. గిన్నెలు తక్కువ, కడిగే పని మగవారిది. ఖీమాలో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం పగలు మాత్రం చేపలు కొనుక్కుని తినాలని నిశ్చయించాము. వైజాగ్ కాలనీ అన్న పేరు విని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. డ్యాము కట్టిన కాలంలో విశాఖ తీరం వైపు నుండి వచ్చిన జాలరి కుటుంబాలు జలాశయం ఒడ్డున స్థిరపడగా ఏర్పడిన ఊరది. ఒడ్డునే చేపలు పట్టి, మసాలా పెట్టి, వేయించి ఇస్తారు. చేపకు జబహ్ అవసరం లేదు కాబట్టి మనవారు నిశ్చింతగా తింటారు. కాని రెండు సంగతులు అడగాలి. ఆ బాండీలోనే, ఆ నూనెలోనే కోడి ముక్కలు కూడా వేయిస్తున్నారా? చేప వలలో పడినదా, లేక దానంతటది చచ్చి నీటిపై తేలినదా? అలా తేలినది హనఫీల దృష్టిలో తినదగినది కాదు. రొయ్యల గురించి పండితులలో భేదాభిప్రాయం ఉంది. మా ఇంట్లో మేము తినము, మా తమ్ముడు తింటాడు. మేము మా నూనె సీసా, మా మూకుడు తీసుకువెళ్ళి ఇచ్చాము. వేయించిన ఆమె ఏమీ అనుకోలేదు. ఇట్లా అడిగేవారు చాలామంది వస్తారని చెప్పింది.

భయం గురించి కూడా చెప్పాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యాము నుండి ఒక్కసారిగా వచ్చిన నీటిలో కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర విహారానికి వెళ్ళిన పడవ మునిగింది. ఆ రెండూ ఆదివారాలే. మెట్ట ప్రాంతపు పిల్లలకు ఈత రాదు, నీటి స్వభావం తెలియదు. మా పిల్లలూ అంతే. అందుచేత మూడు షరతులు పెట్టాము: డ్యాముకు దిగువన నదిలో అడుగు పెట్టరాదు, పుట్టి గానీ పడవ గానీ లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కరాదు, ఒడ్డున వుజూకు కూడా నీటిలోకి దిగరాదు, చెంబుతో తెచ్చుకోవాలి. ఇందుకొరకు ఇంటి నుండి ఒక లోటా పట్టుకున్నాము. ఆగస్టు, సెప్టెంబరులలో గేట్లు ఎత్తినప్పుడు సాగర్ చూడటానికి జనం విరగబడతారు. అప్పటి దృశ్యం గొప్పదే. కాని ముసలివారిని, పసిపిల్లలను ఆ తొక్కిసలాటలోకి తీసుకువెళ్ళడం మాకు ఇష్టం లేదు. చలికాలంలో గేట్లు మూసి ఉంటాయి, నీరు నిండుగా, నిశ్శబ్దంగా ఉంటుంది.

శనివారం ప్రొద్దున తూఫాన్ బండిలో తొమ్మిది మందిమి బయలుదేరాము. ముందు సీటు అమ్మకు. నడుము వెనుక రెండు దిండ్లు. పానగల్లు దగ్గర ఉదయసముద్రం కట్ట కనిపించగానే మనవడు కాగితం తీసి వేలితో చూపించాడు. నల్లగొండ దాటాక దారికి ఇరువైపులా రాతి గుట్టలు, బత్తాయి తోటలు, మధ్యలో ఎండిన చెలకలు. హాలియా సమీపిస్తుండగా రంగు మారింది. ఎడమ కాలువ కింద వరి మడులు, కొంగలు, గట్ల మీద ట్రాక్టర్లు. ఎనభై కిలోమీటర్ల లోపల రెండు దేశాలున్నట్లుంటుంది. కాలువ ఎక్కడ ప్రవహిస్తే అక్కడ ఒక రకం బతుకు, ప్రవహించని చోట ఇంకొక రకం.

సాగర్ చేరేసరికి జుహ్ర్ దాటింది. నాగార్జునకొండకు వెళ్ళి తిరిగి రావాలంటే ఉదయమే చేరి ఉండాలి, ఆ పొద్దు మాకు చాలలేదు. నీటి మీద నల్లగా కనిపించే ఆ కొండనే పిల్లలకు చూపించి, 1955 డిసెంబరు 10న నెహ్రూ ఈ డ్యాముకు పునాది వేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారని చెప్పాము. ఈ నీటి కింద ఇక్ష్వాకుల నాటి నగరం ఉంది; ముంపుకు ముందు తవ్వి తీసినవాటిని ఆ కొండ మీదికి చేర్చారు. మా జిల్లా వైపున ఏలేశ్వరం కూడా మునిగిపోయింది. దానిని తవ్వించి, 1963లో ఆ తవ్వకాల మీద గ్రంథం వెలువరించినవారు పురావస్తు శాఖకు చెందిన ముహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్. ఈ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలో రాసుకుంది.

అమ్మ బండి దిగలేదు. అద్దం దించుకుని డ్యామును చూసి, “గోడ మంచిగ కట్టిండ్రు” అన్నారు. బండి నడిపే అబ్బాయి చెప్పినట్లే జరిగింది. నీరు ఆమెకు చాలా దూరంలో, చాలా కింద ఉంది.

రాత్రి హాలియాలో వియ్యంకుల ఇంట్లో గడిపాము. తొమ్మిది మంది ఒక ఇంటి మీద పడటం చిన్న విషయం కాదు. బియ్యం, మాంసం, పాలు మేమే తీసుకువెళ్ళాము. వియ్యపురాలు మొదట నొచ్చుకున్నారు, తరువాత తీసుకున్నారు.

ఆదివారం పెద్దవూర దాటి మల్లేపల్లి వైపు సాగుతుండగా అక్కంపల్లికి వెళ్ళే దారి వచ్చింది. మనవడి కాగితంలో అది మూడో చుక్క. అక్కడ ఆగుదామని వాడు పట్టుబట్టాడు కాని పొద్దు చూసుకుని ముందుకే వెళ్ళాము. నేరెడుగొమ్ము దాటాక దారి సన్నబడింది. గుట్టల నడుమ మలుపు తిరగగానే నీరు ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకుంది. అవతలి ఒడ్డున కొండలు నీలంగా కనిపించాయి. ఒడ్డున వలలు ఆరవేసి ఉన్నాయి, పుట్టీలు బోర్లించి ఉన్నాయి. బండి నీటికి పదిహేను, ఇరవై అడుగుల దాకా వెళ్ళింది. కుర్చీ అక్కడ వేశాము. మేమూ, మా తమ్ముడూ చెరో వైపు పట్టుకుని అమ్మను దించాము.

చాలాసేపు ఆమె మాట్లాడలేదు. పిల్లలు చేపల దగ్గరికి పోయారు. మా ఇల్లాలు చెప్పులు విప్పి ఒక రాతి మీద కూర్చున్నారు, ఏ పనీ లేకుండా. ఆమెను ఆ విధంగా చూసి ఎన్నేళ్ళయిందో మాకు గుర్తు రాలేదు.

జుహ్ర్ వేళయింది. మనవడు లోటాతో నది నీరు తెచ్చాడు. అమ్మ కుర్చీలోనే వుజూ చేసుకున్నారు. చేతులు, ముఖం, మోచేతులు, తల, చివరకు పాదాలు. పాదాలకు వాడే నీళ్ళు పోశాడు. ఎదుట అంత నది ఉండగా ఆమె లోటాలో సగమే వాడారు. బిందెడు నీటికి బోరు దగ్గర వరుసలో నిలబడిన రోజుల అలవాటు అది. మిగిలిన సగాన్ని వాడు ఇసుకలో పారబోయబోతే వారించి, “ఏట్లనే పొయ్యి బిడ్డా” అన్నారు. వాడు వెళ్ళి నదిలో పోసి వచ్చాడు.

నమాజుకు ముందు ఆమె మమ్మల్ని అడిగారు: “రెండేనా?” హైదరాబాదు వెళ్ళినప్పుడు కూడా ఊరి హద్దు నుండి లెక్క సరిపోక ఆమె పూర్తి నమాజే చేశారు. 76 ఏళ్ళలో ఆమెకు ఇదే మొదటి ఖస్ర్. రెండేనని చెప్పాము. రెండు రకాతులు ముగించి, సలాం తిప్పి, కుర్చీని నీటి వైపు తిప్పమన్నారు. పొద్దు వాలుతోంది, అస్ర్ లోపల మల్లేపల్లి చేరాలి. బండి నడిపే అబ్బాయి హారను మీద చేయి వేశాడు. మా తమ్ముడు వద్దని సైగ చేశాడు.